వేటలో ఉన్నవాడు వాటాలో లేడు

1979 కార్తికంలో నేను వేదాద్రి రేవులో కూర్చుని ఒక కవిత రాశాను. యోగానంద నరసింహస్వామి గుడి మెట్ల కింద, పదేళ్లు నిండీ నిండని కుర్రవాడొకడు తండ్రితో పాటు పుట్టి దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి వల దులుపుతున్నాడు. ఇంకా మంచు విడలేదు. నేను ఆ కుర్రవాణ్ణి చేపపిల్ల అన్నాను. కృష్ణవేణి ముద్దుబిడ్డ అన్నాను. స్థలపురాణం చేతికందేటంత దగ్గరలో ఉంది కనుక చివరి చరణంలో మత్స్యావతారంతో పోల్చాను. మిత్రులు మెచ్చుకున్నారు. ప్రకృతీ శ్రమా ఒకచోట కలిశాయన్నారు. శ్రామికుడి మీద కవిత్వం చెప్పానని నేనూ తృప్తిపడ్డాను.

ఆ కవితలో ఒక లోపముంది. అది శిల్పలోపం కాదు. ఆ పూట పనికి కుర్రవాడికి ఏమి ముట్టిందో నేను అడగలేదు. తండ్రికి ఎంత ముట్టిందో అడగలేదు. పుట్టి ఎవరిది, వల ఎవరిది, ఒడ్డున కాటా పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరు అని అడగలేదు. ఆ కాటా మనిషిని నేను చూశాను. దృశ్యం పాడవుతుందని కవితలోంచి తీసేశాను. ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి ఒప్పుకోవడానికి కారణం ఉంది. నేను చేసిన పని నా ఒక్కడి పొరపాటు కాదు. మన సాహిత్యం చాలాకాలంగా చేస్తున్న పనే అది.

ఈమధ్య జగ్గయ్యపేటలో కొందరు విద్యార్థులు తమ కథలు చదివి వినిపించారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. కృష్ణ, మున్నేరు, పాలేరు తెలిసినవాళ్లు. మూడు కథల్లో చేపలు పట్టే కుటుంబాల పిల్లలున్నారు. మొదటి కథలో పిల్లవాడు వరదలో కొట్టుకుపోతాడు. రెండో కథలో తాగుబోతు తండ్రి కొట్టి వేటకు లాక్కుపోతాడు. మూడో కథలో దయగల మాస్టారు వచ్చి పిల్లవాణ్ణి బడిలో చేర్పిస్తాడు. మూడింటిలోనూ సానుభూతి నిజమైనదే, భాష కూడా ఆ నేలదే. కాని మొదటి రచయిత నేరాన్ని నదికి అంటగట్టాడు. రెండో రచయిత ఒక తండ్రి దురలవాటుకు అంటగట్టాడు. మూడో రచయిత పరిష్కారాన్ని ఒక మంచి మనిషి గుండెలో వెతికాడు. నది శాంతించి, తండ్రి తాగుడు మాని, మాస్టార్లందరూ మంచివాళ్లయినంత మాత్రాన పిల్లవాడు పుట్టి దిగిపోతాడా? దిగడు. ఎందుకు దిగడో తెలుసుకోకుండా ఈ వస్తువు మీద కథ రాయడం కష్టం, దాన్ని విమర్శించడం ఇంకా కష్టం.

సాధారణంగా వినిపించే సమాధానం పేదరికం. అది తప్పు కాదు, కాని సగం సమాధానం. పేదరికం అంటే కూలి లేకపోవడమే అయితే కూలి దొరికిన రోజున పిల్లవాడు బడికి పోవాలి. వేటలో అలా జరగదు. చేపలు బాగా పడిన రోజున పిల్లవాడికి ఇంకా ఎక్కువ పని. కనుక పేదరికం అనే మాట దగ్గర ఆగకుండా వేటలో పంపకం ఎలా జరుగుతుందో చూడాలి.

వేటలో రోజుకూలి తక్కువ, వాటా పద్ధతి ఎక్కువ. పట్టిన చేప అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చు తీసేసి, మిగిలింది వాటాలు వేస్తారు. ఊరికీ ఊరికీ లెక్క మారుతుంది కాని సూత్రం ఒకటే: పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. కొయ్యకూ నైలానుకూ వాటా ఉంది. నీళ్లు తోడిన, తెడ్డు పట్టిన, ముల్లు గుచ్చుకున్న చేత్తో వలలోంచి జెల్లను విడదీసిన పిల్లవాడికి పూర్తి వాటా లేదు. ఇస్తే అర వాటా, లేకపోతే కూరకు నాలుగు పరిగెలు. సొంత తండ్రితో వెళితే అదీ లేదు. తండ్రి వాటాలోనే అతని శ్రమ కలిసిపోతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. వల కొనడానికి అప్పిచ్చిన వ్యాపారికే చేప అమ్మాలి, అతను చెప్పిన ధరకే అమ్మాలి. చేప ధాన్యం కాదు, గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగడానికి. ఐసు చేతిలో లేనివాడు మధ్యాహ్నానికి ఏ ధరకైనా ఒప్పుకోవలసిందే. ఆ ధరలో ఇద్దరు మనుషుల శ్రమకు ఖరీదు లేదు, ఒక్కడి శ్రమకే ఉంది. రెండో మనిషిని కూలికి పెట్టుకుంటే తండ్రికి మిగలదు. కనుక రెండో మనిషి ఇంట్లోంచి రావాలి, ఉచితంగా రావాలి. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో (1867) మార్క్స్ యంత్రాల గురించి రాస్తూ చెప్పిన విషయం ఇదే: కుటుంబమంతా పనిలోకి దిగినప్పుడు, ఇంటి పెద్ద ఒక్కడి శ్రమకు దక్కిన విలువ ఇంటిల్లిపాది శ్రమ మీదా పరుచుకుంటుంది. అక్కడ మిల్లు, ఇక్కడ పుట్టి. తేడా అంతే. పిల్లవాడి ఉచిత శ్రమ వల్ల కుటుంబం అప్పు నుంచి బయటపడదు. చేప ధర తక్కువగా ఉండటానికే ఆ శ్రమ పనికివస్తుంది. అంటే పేదరికం బాలశ్రమకు కారణమైనట్టే, బాలశ్రమ పేదరికానికి కారణమవుతున్నది. ఈ రెండో సగాన్ని మన కథలు చెప్పడం లేదు.

ఇంత స్పష్టమైన దోపిడీ కంటికి ఎందుకు కనిపించదు? దానికి వేరే పేరుంది కనుక. ఆ పేరు చాలా పాతది. ఆదిపర్వంలో మత్స్యగంధి కథ మనందరికీ తెలుసు. దాశరాజు పెంచిన పిల్ల యమునలో ఓడ నడుపుతున్నది, పరాశరుడు వచ్చి ఆ ఓడ ఎక్కాడు. వెయ్యేళ్లుగా ఈ ఘట్టాన్ని వ్యాసుడి జన్మవృత్తాంతంగా చదువుతున్నాం. శృంగారమా, శాపమా, వరమా అని చర్చించాం. పెళ్లికాని పిల్ల ఒంటరిగా నది మీద ఓడ ఎందుకు నడుపుతున్నదని అడగలేదు. సంస్కృత మూలంలో జవాబుంది: తండ్రికి శుశ్రూషగా. శ్రమకు శుశ్రూష అని పేరు పెట్టగానే అది శ్రమ కాకుండా పోయింది. గుణమైంది.

దాశరాజు విషయంలో మనం ఇంకో అన్యాయం కూడా చేశాం. శంతనుడు పిల్లనడిగినప్పుడు దాశరాజు ధనం అడగలేదు. నా కూతురి కొడుక్కి రాజ్యం కావాలన్నాడు. అంటే కూలి కాదు, వాటా అడిగాడు. మన వాఙ్మయంలో ఒక చేపలవాడు రాజు ఎదుట నిలబడి వాటా అడిగిన సందర్భం అది. సంప్రదాయ వ్యాఖ్యానం అతనికి ఏ పాత్ర ఇచ్చింది? భీష్ముడి త్యాగానికి అడ్డుపడిన ఆశపోతు పాత్ర. వాటా అడిగినవాడు దురాశాపరుడు, శుశ్రూష చేసిన పిల్ల గుణవతి. ఈ విలువలతోనే నేను నా వేదాద్రి కవిత రాశాను.

శుశ్రూష అనే మాట నేటి చట్టంలో ‘సహాయం’గా మారింది. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. మంచిదే. దాని పక్కనే ఒక తలుపు తెరిచి ఉంచారు: బడి వేళలు ముగిశాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో పిల్లలు సహాయం చేయవచ్చు. ఈ వాక్యం రాసినవాళ్లకు నది తెలిసినట్లు లేదు. రాత్రి నీళ్లలో వదిలిన వలను తెల్లవారకముందే తీయాలి. అది బడి వేళ కాదు, నిజమే. చలిలో నాలుగింటికి లేచి, వల లాగి, చేప విడదీసి, ఒడ్డుకు మోసి వచ్చిన పిల్లవాడు తొమ్మిదింటికి బడిలో ఉంటాడు. హాజరుపట్టీలో ఉంటాడు. బల్ల మీద తలపెట్టి నిద్రపోతూ ఉంటాడు. హాజరు పడింది, చదువు మాత్రం జరగలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి 2020 సంవత్సరానికి వేసిన అంచనాలో ప్రపంచంలో బాలకార్మికులు 16 కోట్లు. వారిలో 72 శాతం సొంత కుటుంబాల్లోనే పనిచేస్తున్నారు. 2024 అంచనాలో సంఖ్య 13 కోట్ల 80 లక్షలకు తగ్గింది, అందులో 61 శాతం వ్యవసాయరంగంలో ఉన్నారు. చేపల వేటను కూడా వ్యవసాయమనే ఆ పద్దులోనే వేస్తారు. కుటుంబమనే మాట కింద ఒకసారి, వ్యవసాయమనే మాట కింద ఇంకోసారి, వల లాగే పిల్లవాడు లెక్కలో రెండుసార్లు మునిగిపోతున్నాడు. ఒడ్డున వల బాగుచేసే, చేప ఎండబెట్టే, చంటిపిల్లను చంకనేసుకుని అమ్మను సంతకు పంపే ఆడపిల్ల ఆ పద్దులోకి కూడా రాదు. మత్స్యగంధికి ఓడయినా ఉంది.

కుటుంబం నుంచి బయటికి వచ్చినప్పుడు ఇదే పద్ధతి తన అసలు రూపం చూపిస్తుంది. కృష్ణకే ఎగువన శ్రీశైలం జలాశయం ఉంది. 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించి నింపిన జలాశయం అది. కొల్లాపురం వైపు ఆ వెనుకనీటి ఒడ్డున చెంచు కుటుంబాలు చేపలవేటలో వెట్టి కింద ఉండగా అధికారులు విడిపించిన సంగతి పత్రికలకెక్కింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ నీళ్లలో వాడే అలివి వల సంగతి గమనించండి. కన్ను చాలా సన్నం, పొడవు చాలా ఎక్కువ. చేపపిల్లను కూడా వదలదు కనుక దాన్ని నిషేధించారు. అంత పొడవు వలను ఒడ్డుకు లాగడానికి చాలా చేతులు కావాలి. చాలా చేతులు చవగ్గా రావాలంటే కుటుంబాలకు ముందే అప్పివ్వాలి. చేపపిల్లను వదలని వల మనిషిపిల్లను మాత్రం ఎందుకు వదులుతుంది?

ఆఫ్రికాలో ఘనాలో కూడా ఇదే చూస్తాం. 1965లో అకొసొంబో ఆనకట్ట కట్టి వోల్టా నదిని సరస్సు చేశారు. అడవిని పూర్తిగా నరకకుండానే నీళ్లు నింపారు. మునిగిన చెట్ల మోళ్లకు వలలు చిక్కుకుంటాయి. వాటిని విడదీయడానికి పిల్లలను నీళ్లలోకి దించుతారు. దూరపు ఊళ్ల నుంచి తల్లిదండ్రులకు కొంత ముట్టజెప్పి తెచ్చిన పిల్లలు వాళ్లు. 2005లో అక్కడ మనుషుల రవాణాను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అయినా ఆ పని ఆగలేదు. రెండు చోట్లా ఆనకట్ట కొత్త, నీరు కొత్త, పెట్టుబడి కొత్త. చెయ్యి మాత్రం పాతదే, అప్పు కింద వచ్చిన చెయ్యి. కనుక ఇది వెనుకబడిన ఆచారం మాత్రమే, అభివృద్ధి వస్తే పోతుంది అనే వాదం నిలవదు. అభివృద్ధి ఎవరి లెక్కన జరిగిందో చూడాలి.

మన వేదాద్రికి కాస్త ఎగువనే పులిచింతల ఉంది. 45.77 టీఎంసీల ప్రాజెక్టు, 2013లో ప్రారంభమైంది. 2020లో వేదాద్రి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. మెట్టకు నీళ్లు రావాలి, సందేహం లేదు. అయితే నీటిని ఎకరాల్లోనూ టీఎంసీల్లోనూ లెక్కకట్టే భాషలో, గేటు ఎత్తితే వల కొట్టుకుపోయేవాడికీ, గేటు దించితే రాళ్లు తేలిన ఏట్లో తెడ్డు తగలనివాడికీ ఒక మాట లేదు. కొట్టుకుపోయిన వల మళ్లీ అప్పు. ఆ అప్పు తీర్చే చేతుల్లో చిన్న చేతులు కూడా ఉంటాయి.

ఇక మనం గొప్పవిగా చదువుకున్న గ్రంథాల్లో ఈ పిల్లవాడు ఎలా ఉన్నాడో చూద్దాం. హెమింగ్వే ‘వృద్ధుడు–సముద్రం’ (1952) నవలికలో మనోలిన్ ఉన్నాడు. అయిదేళ్ల వయసులో ముసలివాడు అతన్ని మొదటిసారి పడవ ఎక్కించాడు. చేప పడవలోనే కొట్టుకున్న ఆ రోజు పిల్లవాడి ప్రాణం పోబోయింది. వాళ్ల మధ్య ప్రేమను మనం పాఠాలుగా చెప్పాం, ఆ ప్రేమ నిజం కూడా. కాని నలభై రోజులు చేప పడకపోతే తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ఇంకో పడవకు మార్చారు. అంటే అతని శ్రమ ఒక లెక్క, దానికొక అడ్డా ఉంది, అది చేతులు మారుతుంది. ఆ లెక్క నవలిక మొదట్లోనే కొద్ది వాక్యాల్లో ముగిసిపోతుంది. తర్వాతదంతా ముసలివాడి వీరత్వం. మనం వీరత్వాన్ని బోధించాం, లెక్కను వదిలేశాం.

మాణిక్ బందోపాధ్యాయ ‘పద్మానది పడవవాడు’ (1936)లో అలా వదిలేయడానికి వీల్లేదు. పడవా వలా ధనంజయుడివి. పట్టుబడిలో సగం అతనిది. మిగతా సగం కుబేరుడూ గణేశుడూ పంచుకోవాలి. యజమాని కనుక అతను పనిచేసేది కూడా తక్కువే. రచయిత ఈ సంగతి నవల తొలి పుటల్లోనే చెబుతాడు. అక్కడి నుంచి పద్మానది ఎంత అందంగా ఉన్నా ఆ సగం మన మనసులోంచి పోదు. తకళి ‘చెమ్మీన్’ (1956)లోనూ అంతే. కడలమ్మ కోపం గురించీ, ఆడదాని శీలం గురించీ ఎంతో మాట్లాడుకున్నాం. కథ కదిలింది మాత్రం చెంబన్‌కుంజు సొంత పడవ కోసం పరీకుట్టి దగ్గర చేసిన అప్పుతో. అద్వైత మల్లబర్మన్ ‘తితాస్ ఒక నది పేరు’ 1956లో అచ్చయ్యేనాటికి రచయిత బతికి లేడు. చేపలు పట్టే మాలో కులంలో పుట్టినవాడు. తన నదిని అతను ఎంతో ప్రేమించాడు, కాని నది ఎండినప్పుడు మేట వేసిన భూమి ఎవరి వశమైందో కూడా రాశాడు.

గోర్కీ సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. వోల్గా మీద స్టీమరులో అంట్లు తోమిన కుర్రవాడు. అంతటి నది ఎదుట ఉన్నా తన చేతులు దేనిలో నానుతున్నాయో అతను మరిచిపోలేదు. వంటవాడు స్మూరీ అతని చేత పుస్తకాలు చదివించుకున్నాడు. స్మూరీ దయామయుడు కనుక మా విద్యార్థి కథలోని మాస్టారికీ అతనికీ తేడా లేదనుకోవచ్చు. తేడా ఉంది. స్మూరీ కుర్రవాణ్ణి రక్షించలేడు, కుర్రవాడు మళ్లీ పనిలోకే పోతాడు. గోర్కీ ఆ నిజాన్ని దయతో కప్పలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నాకు రేవులోనే ఎదురైంది. ‘ఏం బాబూ, మావాడు పని నేర్చుకోకపోతే రేపు ఏం తింటాడు? మీ చదువు అన్నం పెట్టకపోతే ఏటికి కూడా పనికిరాడు గదా’ అని ఒక పెద్దాయన అడిగాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోరాదు. నీటి పోటు చూసి, గాలి చూసి, ఏ రాయి పక్కన వాలుగ ఉంటుందో చెప్పగల జ్ఞానం చిన్నది కాదు. బడి దాన్ని గుర్తించదు. పదో తరగతి తప్పిన కుర్రవాడు ఇటు ఉద్యోగానికీ అటు ఏటికీ కాకుండా పోవడం మనం చూస్తూనే ఉన్నాం. కాని నేర్చుకోవడానికీ పనిచేయడానికీ తేడా చెప్పే గీటురాయి ఒకటుంది. నేర్చుకోవడానికి ఒక ముగింపు ఉంటుంది. వల విసరడం నెలలో నేర్చుకున్న పిల్లవాడు రెండో నెలలో కూడా రోజూ విసరవలసివస్తే అది విద్య కాదు, శ్రమ. నేర్చుకునేవాడు ఇవాళ జ్వరం వచ్చిందంటే మానవచ్చు. పనిచేసేవాడు మానితే ఆ పూట పుట్టి కదలదు.

శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేస్తూ ఒక మాట గట్టిగా నిలబెట్టారు: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, బాలకార్మికుడే. పని మంచిదా చెడ్డదా, కుటుంబానిదా పరాయిదా అనే తర్కాన్ని ఆ మాట పక్కకు నెట్టింది. చేపల రేవుల్లో దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోవాలి. హాజరుపట్టీలో ఉండి నిద్రపోతున్నవాడు కూడా బడి బయట ఉన్నవాడే. అతను మెలకువగా ఉండాలంటే వల తీయడానికి ఇంకో పెద్ద మనిషికి కూలి గిట్టాలి. అది గిట్టాలంటే చేపకు ధర రావాలి. ధర రావాలంటే ఐసు, కాటా, వల అప్పు వ్యాపారి చేతిలోంచి మత్స్యకారుల సంఘం చేతిలోకి రావాలి. సహకార సంఘాలు కాగితం మీద ఉన్న చోట కూడా పెత్తనం ఎవరిదో విచారించాలి. ఈ వరుసలో ఏ మెట్టు వదిలినా మిగతాది ఉపన్యాసమే అవుతుంది.

రచయిత సంఘం పెట్టలేడు, నిజమే. కాని మాటకు పట్టిన బూజు దులపడం రచయిత పని. సహాయం, కులవృత్తి, ముద్దుబిడ్డ అనే మాటలు మనమే తయారుచేసి ఇచ్చాం. చట్టం రాసేవాళ్లు వాటిని మన దగ్గరే తీసుకున్నారు. కనుక వాటిని వెనక్కి తీసుకోవలసింది కూడా మనమే. ఆ ముగ్గురు విద్యార్థులకు నేను చెప్పింది ఒక్కటే. మీ కథను వరద దగ్గర ముగించకండి, మాస్టారి దగ్గర ముగించకండి. తెల్లవారాక ఒడ్డున పంపకం జరిగే చోటికి వెళ్లి నిలబడండి. పడవ వాటా తీశాక, వల వాటా తీశాక, వ్యాపారి బాకీ కోసుకున్నాక, తండ్రి చేతిలో ఎంత మిగిలిందో, ఆ చేతిని పిల్లవాడు ఎలా చూశాడో రాయండి. కథ అక్కడుంది. నదిని వర్ణించవద్దని కాదు. పద్మను మాణిక్ వర్ణించాడు, తితాస్‌ను మల్లబర్మన్ వర్ణించాడు. లెక్క చెప్పాక వర్ణించారు.

వేదాద్రి స్థలపురాణం ప్రకారం సోమకాసురుడు వేదాలను అపహరించాడు. విష్ణువు చేప రూపంలో వచ్చి వాటిని తిరిగి తెచ్చాడు. ఆ వేదాలే ఇక్కడ కొండగా, ఏటిలో సాలగ్రామంగా నిలిచాయంటారు. చేప అక్షరాన్ని ఒడ్డుకు చేర్చిన చోటు అని భక్తులు నమ్మే ఊరిది. చేప పట్టేవాడి కొడుక్కి అక్షరం ఒడ్డుకు చేరలేదని 1979లో ఆ రేవులోనే కూర్చున్న నాకు తట్టలేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. యాభై దాటి ఉంటాడు. మనవడు పుట్టి ఉండవచ్చు. ఆ మనవడు తెల్లవారుజామున ఎక్కడుంటాడన్నదే నా ప్రశ్న.

ఆ కవితను ఇకముందు ఏ సంకలనంలోనూ చేర్చను. దాని బదులు, కాటా మనిషి ఉన్న కవిత ఒకటి నేను రాయవలసి ఉంది.